ఎంత అప్పు ఇస్తారో చెప్పారు, ఎంత ఇల్లు కొనవచ్చో కూడా చెప్పండి

రిజర్వ్ బ్యాంకు గవర్నరు గారికి, ఇంటి రుణాలిచ్చే బ్యాంకుల, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల అధిపతులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇల్లు కొందామనుకున్నప్పుడు నా పాత విద్యార్థులు, మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, బంధువుల పిల్లలు జీతం స్లిప్పూ మీరిచ్చిన శాంక్షన్ లెటరూ పట్టుకుని వస్తుంటారు. "సార్, ఒక్కసారి చూడండి" అంటారు. అందరూ అడిగేది ఒకటే. నా జీతానికి ఎంత ఇల్లు కొనవచ్చు? మీ కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. మీరు ఎంత అప్పు ఇవ్వగలరో మాత్రమే అందులో ఉంటుంది. కానీ ఇంట్లో అందరూ దాన్నే జవాబుగా తీసుకుంటారు. "బ్యాంకోళ్లు ఊరికే ఇస్తారా సార్, అన్నీ చూసుకునే కదా ఇచ్చేది" అంటారు. ఆ నమ్మకం నిలబడాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కోరేది ముందే చెప్పేస్తాను. ఎంత అప్పుకు అర్హత ఉందో చెప్పే ప్రతి కాగితంతో పాటు ఇంకో పేజీ ఇవ్వండి. ఈ ఇల్లు కొంటే మొత్తం ఎంతవుతుంది, అందులో చేతి నుంచి ఎంత పెట్టాలి, వడ్డీ పెరిగితే కంతు ఎంతకు పోతుంది, అన్నీ పోను నెలకు ఆ ఇంట్లో ఎంత మిగులుతుంది అన్నది ఆ పేజీలో ఉండాలి. దాన్ని రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి చేయాలి.

అదెందుకు అవసరమో ఒక లెక్కతో చెబుతాను. ఇది ఏ ఒక్కరి లెక్కా కాదు. నా దగ్గరికి వచ్చిన కాగితాల తీరు చూసి, మామూలుగా ఉండే అంకెలతో నేను వేసింది.

ఏడాదికి 18 లక్షల సీటీసీ (అతని మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఉన్న 33 ఏళ్ల ఉద్యోగిని తీసుకుందాం. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. చుట్టాలందరి దృష్టిలో అతని జీతం నెలకు లక్షన్నర. ఆఫర్ లెటర్ విప్పి చూస్తే అందులో 1,80,000 వేరియబుల్ పే. అది కంపెనీ బాగుంటే వస్తుంది, లేకపోతే సగం వస్తుంది, ఒక్కో ఏడు అసలు రాదు. బేసిక్ 40 శాతం అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 86,400, గ్రాట్యుటీ 34,000 పైచిలుకు. ఇవన్నీ సీటీసీలోనే కలిసి ఉంటాయి. ఇక నెలనెలా అతని వాటా పీఎఫ్ 7,200, ప్రొఫెషనల్ టాక్స్ 200, కొత్త పన్ను విధానంలో ఆదాయపు పన్ను సుమారు 8,100 పోతాయి. చివరికి అకౌంట్లో పడేది 1,09,400. ఇల్లు కొనే లెక్క మొదలవ్వాల్సింది ఈ అంకె దగ్గర. లక్షన్నర అనుకుని బ్రోచర్లు తిరగేస్తే మొదటి గడపలోనే 40,000 తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. మీలో చాలామంది చేతికొచ్చే జీతంలో సగం, కొందరు అంతకంటే ఎక్కువ కూడా, కంతులకు పోవచ్చని ఒప్పుకుంటారు. బాచుపల్లి వైపు కడుతున్న 1,400 చదరపు అడుగుల ఫ్లాటు 92 లక్షలు అనుకుందాం. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వవచ్చు. అంటే 73 లక్షల 60 వేలు. 8.5 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు పెడితే ఈఎంఐ 56,592. చేతికొచ్చే జీతంలో 52 శాతం లోపే. ఫైలు పాసవుతుంది. ప్రాజెక్టు ఆఫీసులోనే మీ ప్రతినిధి కూర్చుని ఉంటాడు కాబట్టి ఆ సాయంత్రానికే "సార్, మీకు ఎలిజిబిలిటీ ఉంది" అని చెప్పేస్తాడు.

మిగిలిన 20 శాతం, అంటే 18 లక్షల 40 వేలు, చేతిలోంచి పెట్టాలని అందరికీ తెలుసు. దానికోసం ఐదారేళ్లు కూడబెట్టి 20 లక్షలు సిద్ధం చేసుకుంటారు, సరిపోయిందనుకుంటారు. తర్వాత ఒక్కొక్కటీ బయటపడుతుంది. కడుతున్న ఇల్లు కాబట్టి 5 శాతం జీఎస్టీ, 4 లక్షల 60 వేలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే 6 లక్షల 90 వేలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. స్టాంపు డ్యూటీనీ రిజిస్ట్రేషన్ ఖర్చునీ ఇంటి విలువలో కలిపి అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రం సడలింపు ఉంది, ఆ ధరకు హైదరాబాద్‌లో ఇల్లు దొరకడం కష్టం. ఆ నిబంధన మంచిదే. అప్పు ఇంటి విలువను మించిపోకుండా ఆపుతుంది. కానీ ఆ డబ్బు కొనేవాడి జేబులోంచి రావాలన్న సంగతి ముందుగా, అంకెల్లో, ఎవరూ చెప్పడం లేదు. ఆపైన కబోర్డులు, కిచెన్, ఫ్యాన్లు, లైట్లు, గ్రిల్స్. పొదుపుగా చేయించినా వుడ్ వర్క్‌తో కలిపి 8 లక్షలు. కార్పస్ ఫండ్, అడ్వాన్స్ మెయింటెనెన్స్ వదిలేసినా చేతి నుంచి పెట్టాల్సింది దాదాపు 38 లక్షలయింది.

ఉన్నది 20 లక్షలు. మిగతా 18 లక్షలు ఎక్కడివి? ఊళ్లో నాన్న ఎకరమో అరెకరమో అమ్మి 10 లక్షలు ఇస్తాడు. ఇంకో 8 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే, ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16,000, అదీ వడ్డీ మాత్రమే, అసలు అలాగే ఉంటుంది. ఈ అప్పు నోటు మీదో మాట మీదో నడుస్తుంది కాబట్టి అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో కనబడదు. మీ లెక్కలో అది సున్నా. నెలనెలా కట్టే చిట్టీ, అమ్మానాన్నల మందుల ఖర్చు, చెల్లెలి పెళ్లికి చేసిన చేబదులు కూడా సున్నాలే.

ఇల్లు చేతికొచ్చేదాకా ఏమవుతుందో చూడండి. బిల్డరుకు సగం డబ్బు విడుదలైన దశలో 36 లక్షల 80 వేల మీద ప్రీ ఈఎంఐ, అంటే విడుదలైన డబ్బుకు వడ్డీ మాత్రమే, నెలకు 26,067. ఉంటున్న ఇంటి అద్దె 28,000. రెండు రూపాయల వడ్డీ 16,000. మూడూ కలిపి 70,000 దాటింది, మిగిలింది 39,000 పైన. కష్టమైనా ఇక్కడిదాకా లాగుతారు. హ్యాండోవర్ ఆలస్యమై, అప్పు మొత్తం విడుదలై, పూర్తి ఈఎంఐ మొదలైందనుకోండి. 56,592, అద్దె 28,000, వడ్డీ 16,000. మొత్తం 1,00,592. నలుగురున్న ఇంటికి మిగిలేది 8,808 రూపాయలు. ఆలస్యానికి బిల్డరు వడ్డీ కట్టాలని 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరాలో 18వ సెక్షన్ ఉంది, నిజమే. దానికోసం ఫిర్యాదు పెట్టాలి, వాయిదాలకు తిరగాలి, ఆదేశం వచ్చాక వసూలు చేసుకోవాలి. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీకి కట్ అవుతుంది.

సరే, ఇల్లు అనుకున్న టైముకే వచ్చిందనుకుందాం. అద్దె పోయింది. దాని స్థానంలో చదరపు అడుగుకు 4 రూపాయల చొప్పున మెయింటెనెన్స్ 5,600 వచ్చింది. ఈఎంఐ, మెయింటెనెన్స్, బయటి వడ్డీ పోను 31,208. పిల్లలిద్దరి స్కూలు ఫీజులు ఏడాదికి తలా లక్షా 20 వేలంటే నెలకు 20,000. మిగిలింది 11,208. బియ్యం, కూరగాయలు, పాలు, కరెంటు, పెట్రోలు, ఫోన్లు, మందులు, ఊరికి పంపేది, పండగలు అన్నీ అందులోనే. ఇది మీ లెక్క ప్రకారం అర్హత ఉన్న కుటుంబం.

గడువు గురించి కూడా ఒక మాట. 20 ఏళ్లకు పెడితే ఇదే అప్పుకు ఈఎంఐ 63,872 అవుతుంది, ఫైలు ఇరుకున పడుతుంది. అందుకే 30 ఏళ్లకు లాగుతారు, కంతు 7,000 పైగా తగ్గుతుంది. 20 ఏళ్లయితే మొత్తం కట్టేది కోటీ 53 లక్షలు, 30 ఏళ్లయితే దాదాపు 2 కోట్ల 4 లక్షలు. మొదటి ఐదేళ్లలో ఈ కుటుంబం దాదాపు 34 లక్షలు కడుతుంది, అందులో అసలు తగ్గేది 3 లక్షల 32 వేలు. ఈ ఒక్క అంకె పక్కన పెట్టి చూపించినప్పుడల్లా ఎదురుగా కూర్చున్నవాళ్లు కాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ వేసుకుంటారు. 33 ఏళ్లవాడికి ఆ అప్పు తీరేసరికి 63. ప్రైవేటు ఉద్యోగంలో అప్పటిదాకా ఉంచుతారన్న భరోసా ఎవరిస్తున్నారు?

ఇక వడ్డీ సంగతి. దీని మీద రిజర్వ్ బ్యాంకు ఇప్పటికే మంచి ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి గవర్నరు గారిని ప్రత్యేకంగా అడుగుతున్నాను. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు, అంటే బ్యాంకులకు మీరు అప్పిచ్చే రేటు, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ ఇంటి రుణాలను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని మీరే చెప్పారు. కాబట్టి ఆ పెంపు నేరుగా ఇంటి రుణాల మీదికే వచ్చింది. 40 లక్షలు 7 శాతానికి 20 ఏళ్లకు తీసుకున్నవారి ఈఎంఐ 31,012. ఏడాది కట్టాక వడ్డీ 9.5 అయిందనుకోండి. మిగిలిన 39 లక్షల మీద ఆ నెల వడ్డీయే 30,913. కట్టిన 31,012లో అసలుకు చేరింది వంద రూపాయలు కూడా కాదు. గడువు అలాగే ఉంచి పంతొమ్మిదేళ్లలో తీరాలంటే ఈఎంఐ 37,000 దాటాలి. ఆ రోజుల్లో చాలామందికి కంతు పెంచకుండా గడువు పొడిగించారు. నెల కంతు మారలేదు కాబట్టి తమ అప్పు ఎన్నేళ్లు పెరిగిందో వాళ్లు చూసుకోనే లేదు.

దాన్ని సరిచేయడానికే 2023 ఆగస్టు 18న మీరు ఉత్తర్వు ఇచ్చారు. వడ్డీ పెరిగినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతనా అన్నది అప్పు తీసుకున్నవారే ఎంచుకునేలా చేయమన్నారు. కట్టేది వడ్డీకి కూడా చాలని పరిస్థితి రానివ్వొద్దన్నారు. అందులో ఇంకో మాట కూడా ఉంది. అప్పు మంజూరు చేసేటప్పుడే, రేపు వడ్డీ పెరిగితే కంతునో గడువునో పెంచుకునే వెసులుబాటు ఈ మనిషికి ఉందా అని చూడమన్నారు. చాలా ముందుచూపు ఉన్న మాట అది. కానీ ఆ లెక్క బ్యాంకు ఫైల్లో ఉంటుంది, అప్పు తీసుకునేవారికి కనబడదు. పైన చెప్పిన 73 లక్షల 60 వేల అప్పుకు వడ్డీ రెండున్నర శాతం పెరిగి 11 అయితే కంతు 70,091 అవుతుంది. చేతికొచ్చే జీతంలో 64 శాతం. ఈ అంకె సంతకానికి ముందు ఆ భార్యాభర్తల కళ్లబడితే ఆ 92 లక్షల ఫ్లాటు గురించి ఇంట్లో మాట మరోలా సాగుతుంది. 2025లో రేట్లు తగ్గాయి, సంతోషం. మళ్లీ పెరగవని ఎవరం చెప్పగలం?

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర జరిగిన ఒక మాట చెప్పాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే జంట. ఇద్దరి జీతాలూ కలిపి మంజూరు చేశారు. నేను లెక్క రాస్తుంటే ఆ అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది. "సార్, వీళ్లు నా జీతం కూడా కలిపారు. డెలివరీ తర్వాత రెండేళ్లు మానేద్దామనుకుంటున్నా. ఆ సంగతి బ్యాంకుకు చెప్పాలా?" అతను వెంటనే "చెప్తే లోన్ తగ్గిస్తారు" అన్నాడు. ఆమె ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి శాంక్షన్ లెటర్ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆ సంగతి బ్యాంకుకు చెప్పాలా వద్దా అన్నది పక్కన పెట్టండి. ఆ ప్రశ్న బ్యాంకు నుంచి రావాలి. ఒక జీతం ఆగితే ఈ కంతు నడుస్తుందా అని అడిగే మనిషి ఈ మొత్తం తతంగంలో ఎక్కడా లేడు. మనదేశంలో చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. దాని తర్వాత బిడ్డను చూసుకునేవాళ్లు లేక ఉద్యోగం మానేసే ఆడపిల్లలు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు. ఆమె మానేయాలనుకున్నా ఈఎంఐ మానేయనివ్వదు, లేదా ఆమె మానేశాక ఇల్లు గడవదు. రెంటిలో ఏది జరిగినా ఆ కోతను ముందుగా మోసేది ఆమే. ఇద్దరి జీతం మీద అప్పు ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఒక్కరి జీతం మీద ఎన్ని నెలలు నడుస్తుందో చూపించకుండా ఇవ్వడం తప్పు.

ఇంటి రుణాల్లో మొండి బాకీలు తక్కువ, జనం సక్రమంగానే కడుతున్నారు, అంటే వాళ్లకు స్థోమత ఉన్నట్టే కదా అని మీరు అనవచ్చు. ఈ వాదన మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మన ఇళ్లలో ఇంటి కంతు అన్నిటికంటే చివర ఆగుతుంది. దానికంటే ముందు చాలా ఆగిపోతాయి. హెల్త్ పాలసీ రెన్యువల్ ఆగుతుంది. అమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. బంగారం తాకట్టుకు వెళుతుంది, పీఎఫ్ నుంచి డబ్బు తీస్తారు, క్రెడిట్ కార్డులో మినిమం డ్యూ మాత్రమే కడతారు. నచ్చని ఉద్యోగం, వేధించే మేనేజరు, అయినా మారడానికి భయం, ఎందుకంటే ఒక్క నెల గ్యాప్ వచ్చినా కంతు తప్పుతుంది. మూడు నెలలు కట్టకపోతే ఖాతా మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుందని, ఆపైన తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుందని అందరికీ తెలుసు. నోటీసు ఇంటి తలుపుకు అంటిస్తే పరువు ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. అందుకే ఏది మానుకునైనా కడతారు. వాళ్లు ఏమేం మానుకున్నారో మీ బ్యాలెన్స్ షీటులో కనబడదు. కంతు సక్రమంగా వస్తోందని చూసి ఆ ఇల్లు బాగుందనుకోకండి.

నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేనేం చెబుతానో కూడా రాస్తాను, తప్పుంటే మీ నిపుణులు దిద్దండి. చేతికొచ్చే జీతంలో మూడో వంతు దగ్గర ఆగమంటాను. ఆ మూడో వంతులో ఈఎంఐ, మెయింటెనెన్స్ రెండూ ఉండాలి. వేరియబుల్ పేని లెక్కలోకి తీసుకోను. అది వచ్చిన ఏడు ముందస్తుగా అసలుకు కట్టమంటాను. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణానికి ముందస్తు చెల్లింపు మీద జరిమానా వేయకూడదని మీరు పెట్టిన నిబంధన ఇక్కడ ఎంతో మేలు చేస్తోంది. గడువు 20 ఏళ్లు దాటనివ్వను. ఇద్దరు సంపాదిస్తుంటే ఎక్కువ వచ్చే జీతం ఒక్కటే పెట్టి లెక్క వేస్తాను. కన్నవాళ్ల పొలం అమ్మించడం, రెండు రూపాయల అప్పు తేవడం ఉంటే ఆ ఇల్లు వద్దంటాను. చివరిది నిక్కచ్చిగా చెబుతాను కాబట్టి కొందరికి కోపం వస్తుంది.

ఆ లెక్కన మన ఉద్యోగికి 38 లక్షల అప్పు వస్తుంది. 20 ఏళ్లకు 8.5 శాతం చొప్పున ఈఎంఐ 32,977. ఒక 1,100 చదరపు అడుగుల పాత ఫ్లాటుకు మెయింటెనెన్స్ 3,300. కలిపితే జీతంలో మూడో వంతు. ఇంటి ధర 48 లక్షలు. కట్టేసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న ఇల్లు కాబట్టి జీఎస్టీ లేదు. చేతి నుంచి 10 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 3 లక్షల 60 వేలు, రంగులకూ మరమ్మతులకూ 3 లక్షలు. దాచుకున్న 20 లక్షల్లో ఇంకా 3 లక్షల 40 వేలు మిగిలాయి. నాన్న పొలం నాన్న దగ్గరే ఉంది. వడ్డీ 11 శాతానికి పోయినా కంతు 39,223, జీతంలో 36 శాతం. ఇరుకవుతుంది కానీ ఇల్లు నడుస్తుంది.

మీ లెక్కలో 92 లక్షలు, నా లెక్కలో 48 లక్షలు. నాది మరీ బిగువు అనవచ్చు. జీతాలు పెరుగుతాయి కదా, రేపు ఇదే ఫ్లాటు కోటిన్నర అవుతుంది కదా అని నాతో వాదించేవాళ్లు ఉన్నారు. పెళ్లి సంబంధాల దగ్గర "గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటుందా" అని అడిగే రోజులని కూడా నాకు తెలుసు. జీతం పెరిగితే మంచిదే. పెరగకపోతే ఏమిటన్నది కూడా కాగితం మీద ఉండాలి. ఆ రెండు అంకెలూ చూసి, వాళ్లు 60కో 70కో వెళితే అది వాళ్ల ఇష్టం. ఇప్పుడు వాళ్ల ముందు ఒక్క అంకే ఉంది, అదీ అమ్మేవాళ్ల వైపు నుంచి వచ్చింది. పెద్దలు దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమంటారు. ఆ దుప్పటి కొలిచి చెప్పేది ఇవాళ మీరే. కొలత మీ చేతిలో పెట్టుకుని, చూసుకోవాల్సింది వాళ్లే అనడం న్యాయం కాదు.

ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లే కదా, ఇంత చిన్న లెక్క వేసుకోలేరా అని మీలో ఒకరు ఒక సమావేశంలో నన్ను అడిగారు. వేసుకోగలరు. కానీ జీఎస్టీ బిల్డరు చెబుతాడు, రిజిస్ట్రేషన్ ఖర్చు డాక్యుమెంట్ రైటర్ చెబుతాడు, వుడ్ వర్క్ సంగతి హ్యాండోవర్ అయ్యాక కార్పెంటర్ చెబుతాడు, వడ్డీ పెరిగిందని మీ మెసేజ్ చెబుతుంది. ఒక్కొక్క అంకె ఒక్కొక్క నోటి నుంచి, ఒక్కొక్క ఏడాది వస్తే ఎంత చదువుకున్నవాడైనా ఎక్కడని కూడతాడు? అన్నీ ఒకేచోట, ఒకేసారి తెలిసిన సంస్థ మీదొక్కటే.

కొత్తగా ఏ వ్యవస్థా పెట్టనక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలన్న నిబంధన ఉంది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన వార్షిక రేటు ఎంతో అందులో రాయాలి. చాలా మంచి పని. కానీ అది అప్పు ధర చెబుతుంది, ఇంటి ధర చెప్పదు. దానికే ఇంకో పేజీ జత చేయమంటున్నాను. జీతం స్లిప్పు మీ దగ్గర ఉంది, ఇంటి ధర మీ దగ్గర ఉంది, రిజిస్ట్రేషన్ శాతం మీకు తెలుసు, వడ్డీ పెరిగితే ఏమవుతుందో 2023 ఉత్తర్వు కోసం ఎలాగూ చూసుకుంటున్నారు. ఇద్దరి జీతం కలిపినచోట ఒక జీతంతో మిగిలేదెంతో ఒక వరుస. కడుతున్న ఇల్లయితే అద్దె, ఈఎంఐ రెండూ ఉండే కాలానికి ఒక వరుస. ఫీజులు, చిట్టీలు, చేబదుళ్లు అప్పు తీసుకునేవారే నింపుకునేలా ఖాళీ గళ్లు పెట్టండి. వాటిని మీరు అడగనక్కర్లేదు, దాచుకోనక్కర్లేదు. ఆ గళ్లు నింపుతూ భార్యాభర్తలు ఒక గంట కూర్చుంటే చాలు.

అది ఎప్పుడు ఇవ్వాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇప్పుడు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ చేతికొచ్చేసరికి బుకింగ్ అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చెబుతోంది. 92 లక్షల ఫ్లాటుకు ఆ 10 శాతమే 9 లక్షల 20 వేలు. అంత కట్టాక వెనక్కి తగ్గడం ఎవరికైనా కష్టమే, క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగి వస్తుందో అన్న టెన్షన్‌తోనే ముందుకు వెళ్లిపోతారు. కాబట్టి ఎలిజిబిలిటీ చెప్పిన రోజే, బుకింగ్‌కు ముందే ఈ పేజీ ఇవ్వాలి. బ్రాంచిలో చెప్పినా, ఫోన్లో చెప్పినా, ప్రాజెక్టు ఆఫీసులో ఏజెంటు చెప్పినా, యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ అని చూపించినా సరే.

ఆ పేజీ తెలుగులో ఉండాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అందులో ఉన్నది వివరించి చెప్పాలని 2024 ఏప్రిల్ ఉత్తర్వులో మీరే రాశారు. పొలం అమ్మి డబ్బిచ్చే తండ్రి, గాజులు తాకట్టు పెట్టే తల్లి కూడా అది చదవగలగాలి. ముసాయిదా తయారుచేసి ప్రజల అభిప్రాయం అడగండి. నా లెక్కలన్నీ పంపుతాను, నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది పంపుతారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు
హైదరాబాద్